పదకొండో రోజు ఎత్తిన బస్తా

నా తల గురించి నాకు మొదటిసారి బెంగ పట్టుకున్నది మిర్చి యార్డులోనే. మధ్యాహ్నం నెత్తి మీది చుట్టబట్ట విప్పి దులిపితే మిరప గింజలతో పాటు వెంట్రుకలు రాలాయి. ఒకటి రెండు కాదు, చిన్న కుచ్చు. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. అదే వారం, గడ్డం మొత్తం నెరిసిన ఒక రైతు నన్ను పిలిచి, "ఓ పెద్దాయనా, జర గీ బస్తా పట్టు" అన్నాడు. జట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఇంటికి పోయి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను.

నేను వరంగల్ మార్కెట్‌లో హమాలీని. పేరు శ్రీనివాస్, అందరూ శీను అంటారు. మా జట్టులో పన్నెండు మందిమి, ఇద్దరిద్దరు ఒక జోడి. ఒకరు మోస్తుంటే ఇంకొకరు ఎత్తిస్తారు, తర్వాత వంతు మారుతుంది. జోడీలో ఒకరు మంచాన పడితే వాళ్ల వంతు బస్తాలు రెండోవాడే మోయాలి. అది మా యార్డు కట్టు. నా జోడి సదయ్య. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, సదన్న అని పిలుస్తాను. మెడ విరగకుండా బస్తా ఎలా మోయాలో నాకు నేర్పింది ఆయనే. యార్డు మొత్తంలో మంచి జుట్టు ఆయనదే. చొక్కా జేబులో దువ్వెన లేకుండా ఆయన పనికి రాగా నేను చూడలేదు.

ఆ ఏడాది రెండు పెళ్లి సంబంధాలు తప్పిపోయాయి. రెండోవాళ్లు "పిలగాడు మంచోడే గని పెద్దోని లెక్క కనవడ్తాండు" అన్నారట. మా అమ్మ ఆ మాట దాచిపెట్టినా వేరేవాళ్ల నోటి నుంచి నా చెవిన పడింది. చిట్టీ ఎత్తి, అమ్మకు తప్ప ఎవరికీ చెప్పకుండా హనుమకొండలో ఒక హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌కు పోయాను.

అక్కడ ఏసీ గది, ఇస్త్రీ చొక్కాల మనుషులు. చేతికి ఒక ఫారం ఇచ్చారు. పేరు, వయసు, షుగర్ ఉందా, బీపీ ఉందా. ఆ కింద "చేసే పని" అని ఒక గడి. హమాలీ అని రాయబోయి ఆగిపోయాను. "ప్రైవేట్ జాబ్" అని రాశాను. నా జబ్బు చరిత్ర మొత్తం ఆ రెండు మాటల్లోనే మొదలైందని ఇప్పుడు అనుకుంటాను.

డాక్టరమ్మ చిన్న కెమెరాతో నా మాడు చూసి, "ఆండ్రోజెనెటిక్ అలోపేషియా" అంది. తలపాగ వల్ల ఊడుతుందా మేడమ్ అని అడిగాను. "తలపాగ వల్ల కాదండీ, మీ నాన్నగారి వల్ల" అని నవ్వింది. తల వెనకాల డోనర్ ఏరియాలో జుట్టు బాగుందని, అక్కడి నుంచి తీసి ముందర నాటే ఎఫ్‌యూఈ చేయొచ్చని చెప్పి రక్తపరీక్షలు రాసింది. ఎన్ని రోజులు సెలవు కావాలని నేను అడిగితే, కౌన్సెలర్ ఫారం చూసి, "రెండు రోజులు చాలు సర్, మూడో రోజు ఆఫీసుకు వెళ్లొచ్చు" అన్నాడు. ఆయన తప్పు లేదు. నేను రాసినదానికే ఆయన జవాబు చెప్పాడు.

అది మిర్చి సీజన్. యార్డులో కాలు పెట్టే సందు ఉండదు. అలాంటప్పుడు జుట్టు కోసం సెలవు అంటే జట్టు నన్ను ఏడాది పొడుగునా ఆడుకుంటుంది. అందుకని సదన్నతో, "నెత్తిల చిన్న గడ్డ అయిందన్నా, ఆపరేషన్ చెయ్యాలంటున్నరు" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. "గడ్డనా? ఎవ్వలకు చూపెట్టినవ్? నేను గూడ వస్త దవాఖానకు" అన్నాడు. వద్దన్నా, చిన్నదే అని తప్పించుకున్నాను.

ఆపరేషన్ పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. మత్తు సూదులు గుచ్చినప్పుడే నొప్పి, తర్వాత తెలియలేదు. బోర్లా పడుకోబెట్టి వెనక నుంచి వెంట్రుకలు ఒక్కొక్కటే తీశారు, వెల్లకిలా పడుకోబెట్టి ముందర నాటారు. ఒక్కో దాన్ని గ్రాఫ్ట్ అంటారు. మూడో రోజుకు నుదురు వాచి కళ్లు మూసుకుపోయాయి. "స్వెల్లింగ్ నార్మల్, కిందికి దిగిపోతుంది" అన్నారు, అలాగే దిగింది. ఆ రోజే మొదటి హెడ్ వాష్. అప్పుడు అడిగాను, బరువులు ఎప్పుడు ఎత్తొచ్చని. డాక్టరమ్మ నా భుజాలు చూసి, "జిమ్మా? నెల రోజులు బంద్ చేయండి. పది పన్నెండు రోజుల దాకా గ్రాఫ్ట్స్ గట్టిపడవు. చెమట, ఒత్తిడి, రాపిడి ఏదీ పనికిరాదు" అంది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. తల ఊపి వచ్చేశాను. జట్టుకు ఫోన్ చేసి పది రోజులు పడుతుందన్నాను.

ఎనిమిదో రోజు ఆదివారం, సదన్న మా ఇంటికి వచ్చాడు. మేము ఖిలా వరంగల్ దగ్గర ఉంటాం. చేతిలో ప్రసాదం కవరు. కుర్చీలో కూర్చుని, నెత్తి మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. నున్నటి గుండు. జేబులో దువ్వెన లేదు.

"ఏందన్నా ఇది" అన్నాను.

"నెత్తిల గడ్డంటే ఆట గాదు శీను. మా పెద్దమ్మ కొడుకు గట్లనే పోయిండు. నీ నెత్తి మంచిగయితే నా నెత్తి నీలాలు ఇస్తనని రాజన్న దేవునికి మొక్కిన. ఆపరేషన్ మంచిగయిందన్నవ్ గద, నిన్న ఏములాడ గుడికి పోయి ఇచ్చి వచ్చిన."

నా నెత్తి మీద వదులు టోపీ ఉంది. దాని కింద కొత్తగా నాటిన జుట్టు ఉంది. గడ్డ ఎక్కడుండె అని ఆయన అడిగితే, టోపీ మీద వేలు పెట్టి చూపించాను కూడా. యార్డులో నా వంతు ఎవరు మోస్తున్నారని అడిగాను.

"ఇంకెవరు మోస్తరు, నేనే మోస్తాన. నడుము జర గుంజుతాంది గని ఫికరు లేదు. నువ్వు పండుకో."

ఆయన పోయాక మా అమ్మ, "సదయ్యకు ఉన్న మాట చెప్పు కొడుకా" అంది. చెప్పే బదులు పోయి నా బస్తాలు నేను మోసేస్తే పాపం తీరుతుందనుకున్నాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనని నాకు తర్వాత తెలిసింది.

పదకొండో రోజు యార్డుకు పోయాను. నెత్తి మీద పెట్టుకోను, వీపు మీదే మోస్తాను అని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. సదన్న వద్దంటున్నా వినలేదు. మొదటి బస్తాకే కణతలు దబదబ కొట్టుకున్నాయి. పది రోజులు పడుకున్న ఒళ్లు, బస్తా రెండింతల బరువనిపించింది. చెమట టోపీలోకి కారి మిర్చి దుమ్ముతో కలిసి మంట పుట్టించింది. ఎనిమిదో తొమ్మిదో బస్తా అనుకుంటా, లారీ పలక ఎక్కుతూ వంగాను. బస్తా వీపు మీంచి జారి టోపీని లాగేసి, గోనె అంచు నుదుటి పైభాగాన్ని గీరుకుంటూ పోయింది. కంట్లోకి రక్తం వచ్చింది.

"కుట్లు తెగినయ్" అని సదన్న పరుగెత్తుకొచ్చాడు. తన తువ్వాల తీసి నా తలకు అదిమిపట్టి ఆటోలో వేసుకున్నాడు. ఆపరేషన్ చేసిన దవాఖాన ఏడుందో చెప్పు అన్నాడు. ఇక దారి లేక క్లినిక్ పేరు చెప్పాను.

మా బట్టల మీది మిర్చి ఘాటుకు ఆ ఏసీ గదిలో అందరూ తుమ్మడం మొదలుపెట్టారు. గోడల నిండా ఫొటోలు, ఒక పక్క బట్టతల, ఒక పక్క అదే మనిషికి ఒత్తు జుట్టు. సదన్న అవి చూస్తూ నిలబడ్డాడు. డాక్టరమ్మ నా తల చూసి, "గ్రాఫ్ట్స్ పోయాయండీ. జిమ్ వద్దని చెప్పాను కదా" అంది.

"జిమ్ము ఎక్కడిదమ్మా, బస్తా మోసిండు. మాది హమాలీ పని" అన్నాడు సదన్న.

డాక్టరమ్మ నా ఫైలు తిరగేసింది. "ఇక్కడ ప్రైవేట్ జాబ్ అని ఉంది."

"గది నాకెర్క లేదు. గడ్డ మల్ల లేచిందా అమ్మా?"

"ఏ గడ్డ? ఇది జుట్టు నాటే చికిత్స అండీ."

సదన్న నా వైపు తిరిగాడు. "అయితే నీ నెత్తిల గడ్డ లేదా?"

"లేదన్నా."

"మంచిదే. లేకుంటేనే మంచిది" అన్నాడు. నా డ్రెస్సింగ్ అయ్యేదాకా బయట మెట్ల మీద గుండుకు ఎండ కొడుతుంటే కూర్చున్నాడు. ఆటోలో ఇంటి దగ్గర దింపాడు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

నాలుగు రోజులకు గీరుకున్న చోట చీము పొక్కులు లేచాయి. ఫాలిక్యులైటిస్ అన్నారు. యాంటీబయాటిక్, ఆయింట్‌మెంట్. అది తగ్గుతుండగా మిగిలిన జుట్టు కూడా రాలడం మొదలైంది. "షాక్ లాస్, అందరికీ అవుతుంది, వేరు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలు ఓపిక పట్టండి" అంది డాక్టరమ్మ. "హమాలీ అని ముందే చెప్పుంటే సీజన్ అయ్యాకే రమ్మనేదాన్ని కదా" అని కూడా అంది. ఈసారి నా పనికి తగ్గట్టు కాగితం మీద రాసిచ్చింది. గాయం ఆరి నెల నిండేదాకా బరువు ముట్టొద్దు. తర్వాత కొద్దికొద్దిగా చేతులతో, ఆ తర్వాత వీపు మీద. నెత్తి మీద మాత్రం మూడు నెలలు నిండాకే.

నెల దాటాక యార్డుకు పోతే జట్టువాళ్లు గడ్డ ఎట్లుందని అడిగారు. సదన్న ఎవరికీ చెప్పలేదన్నమాట. ఛాయ్ బండి దగ్గర అందరి ముందూ నేనే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. జట్టు పెద్ద కోపంగా, "నువ్వు నెత్తికి నాట్లేపిచ్చుకుంటే సదన్న నడుము ఇరగాల్నారా" అన్నాడు. చివరికి సదన్నే, "బస్తాల మూతులు కుట్టే దబ్బనం వాని చేతికియ్యిన్రి. మోసుడు ఇప్పుడే వద్దు" అన్నాడు. అలా నేను కూర్చుని కుడుతుంటే, నడుముకు తువ్వాల బిగించుకుని ఆయన నా కళ్ల ముందే నా వంతు మోశాడు. ఆ రోజులు నాకు ఆపరేషన్ కంటే కష్టం.

డాక్టరమ్మ రాసిచ్చినట్టే మెల్లగా ఎత్తాను. మొదట సగం సంచులు, తర్వాత వీపు మీద బస్తా. మెడ బలం తిరిగి రావడానికే చాలా రోజులు పట్టింది. మూడు నెలలు దాటాక మెత్తటి చుట్టబట్ట పెట్టుకుని నెత్తి మీద మొదటి బస్తా మోశాను. అప్పటికి సదన్నకు జుట్టు వచ్చేసి, జేబులోకి దువ్వెన కూడా వచ్చింది. "నాది ఏ డాక్టరు నాటకుంటనే మొలిచింది సూడు" అన్నాడు. ఆ వేళాకోళం విని నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆయన నాతో మళ్లీ నవ్వుతూ మాట్లాడింది ఆ రోజే.

ఏడాదిన్నర గడిచింది. జుట్టు బాగానే వచ్చింది, నుదుటి పైన రెండు వేళ్ల వెడల్పు చోటు తప్ప. మళ్లీ నాటుదామన్నారు, వద్దన్నాను. సదన్న మాత్రం ఇప్పుడు బస్తా మోయడం లేదు. డిస్క్ జరిగిందన్నారు. దబ్బనం ఆయన చేతికి పోయింది. "ఏళ్ల తరబడి మోసిన బరువు ఇది, ఆ నెల వల్లే అని చెప్పలేం" అన్నాడు ఎముకల డాక్టరు. చెప్పలేం అంటే కాదని కాదు కదా.

ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవాలనుకునే నాలాంటి కష్టజీవులకు నేను చెప్పేది ఒకటే. ఫారంలో "చేసే పని" అనే గడిలో ఉన్నది ఉన్నట్టు రాయండి, రోజుకు ఎంత బరువు ఎత్తుతారో, ఎక్కడ పెట్టుకుని మోస్తారో కూడా. డాక్టరు చెప్పే రోజుల లెక్కంతా దాని మీదే ఉంటుంది. ఆ బరువు మీకు బదులు ఎవరు మోస్తారో వాళ్లకూ నిజం చెప్పి పోండి.

ఎముకల డాక్టరు దగ్గరికి నెలకోసారి సదన్నను నేనే తీసుకుపోతాను. మొదటిసారి ఫారం నేనే నింపాను. పని దగ్గర హమాలీ అని పెద్ద అక్షరాలతో రాశాను. దాని కింద, తోడు వచ్చినవారు పేషెంటుకు ఏమవుతారు అని ఉంది. ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చున్నాను. సదన్న నడుము పట్టుకుని ఫారంలోకి తొంగి చూశాడు.

"ఏం సోంచాయిస్తానవ్? జోడి అని రాయ్" అన్నాడు.