పోతులయ్య ఖాళీ గళ్లు

ధర్మవరంలో చీరకు బుటా వేయాలంటే ముందు గళ్ల కాగితం మీద గీయాలి. దారం పైకి లేవాల్సిన చోట గడికి రంగు వేస్తారు, లేవక్కర్లేని చోట వదిలేస్తారు. హేమలత ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని అదే. కంప్యూటర్లు వచ్చాక ఆ పని సగానికి సగం పడిపోయింది, గళ్ల కాగితాలు మాత్రం బీరువా మీద కట్టలు కట్టలుగా మిగిలాయి. కాగితం ఊరికే పడి ఉంటే ఆమెకు చెయ్యి ఊరుకోదు.

ఆ ఊరుకోని చెయ్యే వీధి మొత్తానికీ ఒక పిచ్చి అంటించింది. ఆమె మొగుడు పోతులయ్య వారమంతా మగ్గం నేస్తాడు, ఆదివారమైతే వీధి క్రికెట్ జట్టుకు వికెట్ కీపరు. మూడేళ్ల కిందట అతని సంచిలో స్కోరు పుస్తకం కనబడితే, హేమలత సరదాకి దాన్ని గళ్ల మీద వేసింది. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస, పరుగుకొక ఎర్ర గడి, వికెట్ తీస్తే జరీ రంగు గడి. టీ అంగడి గోడకు అంటిస్తే జనం ఎగబడ్డారు. అంతవరకు నోటితో పోట్లాడుకున్నవాళ్లు ఇక వేలు పెట్టి చూపించి మరీ పోట్లాడుకోసాగారు. పెనుకొండ వాళ్లూ హిందూపురం వాళ్లూ తమ స్కోరు పుస్తకాల ఫోటోలు వాట్సాప్‌లో పంపడం మొదలెట్టారు. బుధవారం సాయంత్రం వీధిలోవాళ్లు మగ్గాలు దిగి వచ్చి, తలా ఒక కుంచె పట్టుకొని రంగులు నింపడం అలవాటైపోయింది. మ్యాచి చూడనివాడు కూడా చార్టు చూడకుండా ఇంటికి పోడు.

పోతులయ్యది పదకొండో నంబరు బ్యాటింగు. బౌలింగు చేయడు. అందుకని చార్టులో అతని వరస ఎప్పుడూ దాదాపు తెల్లగానే ఉండేది. కట్టుకున్న పెళ్లామే గీస్తూ కూడా దాన్ని పట్టించుకోలేదు.

"మన పోతులన్న ఈసారి గూడా ప్లెయిన్ చీరే నేసినాడబ్బా," అన్నాడు కెప్టెన్ నరేష్ ఒక బుధవారం. అందరూ నవ్వారు. పోతులయ్యా నవ్వాడు. హేమలత కూడా నవ్వింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

మర్నాడు పోతులయ్య గ్లోవ్స్ ఉతికి, ఎండబెట్టి, అటక మీద పెట్టేశాడు.

"ఏమయ్యా, ఆదివారం పెనుకొండలో మ్యాచి ఉండాది గదా?"

"ఇంకొకర్ని చూసుకోమని నరేష్‌కి చెప్పినా. నలభై ఎనిమిదేండ్లు వచ్చె. జట్టుకు నేను చేసేది ఏముండాదిలే. నీ చార్టులోనే కనపడ్తాండాది గదా."

కోపంగా అని ఉంటే ఆమె కూడా నాలుగు మాటలు అనేది. తెగిన దారం ముడి వేసుకుంటూ మామూలుగా అన్నాడు మహానుభావుడు. ఆదివారం పొద్దున ఆ మనిషి మొహం ఎంత కళగా ఉంటుందో పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నది ఆమే. ఆ కళ తన కుంచె వల్లే పోయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. లేవని దారానికి రంగు వేయకూడదన్న చీర పద్ధతిని తీసుకుపోయి ఆటకు పెట్టింది, పరుగూ వికెట్టూ కాని కీపరు పని అందులో పడనే పడదు.

శుక్రవారం పొద్దున్నే రైలెక్కి పెనుకొండలో రంగప్ప ఇంటికి పోయింది. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఈ మూడు ఊళ్ల మ్యాచిలకూ ఎక్కువగా స్కోరు రాసేది ఆయనే.

"రంగప్పన్నా, బంతి ఎవురు పట్టిందీ గూడా రాస్తావా నువ్వు?"

"రాయకపోతే ఎట్లమ్మా? పట్టినోని పేరులో మొదటి అక్షరం ఏస్తా. జారిపోతే దానికి సున్నా చుడతా. టికెట్ లేకుండా ఒకన్ని గూడా దించినోన్ని కాదు నేను." ఆయన తన సొంత పుస్తకాలన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇన్నేండ్లలో వీటిని అడిగినోళ్లే లేరు."

వాటిని ఇంటికి తెచ్చుకొని, పోతులయ్య మగ్గం మీద ఉన్నంతసేపు ఆమె వంటింట్లో కూర్చుని లెక్కేసింది. ఆ సీజన్లో "పో" అని రాసిన బంతులు నాలుగు వందల పన్నెండు. సున్నా చుట్టినవి తొమ్మిది. మ్యాచికొక వరస పెట్టి, పట్టిన ప్రతి బంతికీ రంగు వేసింది, జారిన తొమ్మిదీ వదిలేసింది. కాగితం పెళ్లిచీర కొంగులా నిండింది. పక్కన తేదీలు రాసింది, పేరు రాయలేదు.

మ్యాచి ఆదివారం, బుధవారం దాకా ఆగితే లాభం లేదు. శనివారం సాయంత్రం బంక గిన్నె పోతులయ్య చేతికిచ్చి, అతన్ని వెంటబెట్టుకొని టీ అంగడికి పోయి అంటించింది.

"ఇదెవురిదబ్బా, ఇంత నిండుగా ఉండాది? నాదేనా వదినా?" అన్నాడు నరేష్.

"నీదైతే పేరు రాయకుంటే ఊరుకుంటావా నాయనా? ఇవి పరుగులు గాదు, చేత్తో ఆపిన బంతులు."

తలా ఒక పేరు చెప్పారు. పోతులయ్య పేరు ఒక్కరి నోటా రాలేదు. అతను మాత్రం గిన్నె కింద పెట్టి గోడ దగ్గరికి వచ్చాడు. రంగు వేసినవాటి జోలికి పోలేదు, ఖాళీ గళ్లనే వెతికాడు.

"ఇది హిందూపురంలో," అన్నాడు మెల్లగా, మూడో వరస మీద వేలు పెట్టి. "ఎండ కండ్లల్లో పడింది. ఇదేమో ఈడనే, బంతి గులకరాయి మీద పడి ఎగిరె." అలా తొమ్మిదింటికీ తొమ్మిది కారణాలు చెప్పాడు.

నరేష్ మొహం చిన్నబోయింది. "ఇన్ని పట్టినావా పోతులన్నా," అని మాత్రం అనగలిగాడు.

పోతులయ్య వేలు ఏడో వరసలో ఆగింది. "హేమా, ఇంగొకటి ఉండాది. రంగప్పన్న చూడలా. చేతిలోంచి జారింది, కాలు అడ్డం పడి నిలిచింది గానీ నేను పట్టింది కాదు. ఈ గడి ఖాళీ చెయ్."

హేమలత ఆ గడి మీద వేలు రాసి చూసింది. ఇంత మంచివాణ్ణి చూసుకొని ఆ బుధవారం తను నవ్వింది.

"రంగు ఆరిపోయినాది," అంది. "ఇంగ తీసేకి రాదు."

పోతులయ్య ఆ గడి మీంచి వేలు తీశాడు.

"అట్లయితే రేపు ఒగటి ఎక్కువ పట్టి దాన్ని సరిచెయ్యల్ల," అన్నాడు. నరేష్ వైపు తిరిగి, "పెనుకొండకు ఎన్ని గంటలకప్పా బయలుదేరేది?" అని అడిగాడు.