తవుడు మీద రెండు చుట్లు

మొన్న బరంపురం బజారులో కందిపప్పు బేరమాడుతూ, ఇక కొననన్నట్టు మొహం పెట్టి (ఈ నటన నాకు ఉగ్గుపాలతో అబ్బింది) వెనుదిరిగానో లేదో, పక్క కొట్టు ముందు విప్పిన బస్తాలోంచి కొత్త తవుడు వాసన తగిలి నిజంగానే ఆగిపోయాను. కొట్టువాడు ధర తగ్గించి వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. బేరం గెలిచి కూడా సరుకు తీసుకోకుండా ఇంటికొచ్చిన రోజు నా జీవితంలో అదొక్కటే.

పచ్చి బియ్యపు తీపి, కాస్త నూనె కమురు, గొంతులో సన్నటి దురద: ఆ వాసనంటే నాకు మా పెరడు. ముందు నాన్న ధాన్యం కొట్టు, నడుమ మేము, వెనక పెరడు. అస్కా వైపు మిల్లుల నుంచి వచ్చిన తవుడు అక్కడ జల్లించేవారు. ఎంత ఊడ్చినా నేల మీద పలచటి పొర మిగిలిపోయేది, దాని మీద పిచ్చుకలు, ఎండలో అప్పడాల చాపలు, చద్దన్నంలోకి ఉల్లిపాయ చితక్కొడుతూ మా అమ్మ, సాయంత్రమైతే చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగే మేమిద్దరం. నేను, మా అప్ప. అక్కను మావైపు అలాగే పిలుస్తాం. నాకంటే మూడేళ్లు పెద్దది, బొద్దుగా ఉండేది. హమాలీలు దాన్ని "సిన్న బస్తా" అని పిలిస్తే కోప్పడకుండా వాళ్ల తలగుడ్డలు లాగి పారిపోయేది. నేను చీపురుపుల్లని.

వానలు మొదలయ్యే వేళకు రజో పండగ వచ్చేది. ఒడియావాళ్ల పండగే, కానీ ఆ మూడు రోజులూ ఆడపిల్లలు పని ముట్టుకోకూడదు, ఊగాలి, ఆడాలి, తినాలి. ఇంత లాభసాటి పండగను పరాయిదని ఎవరు వదులుకుంటారు? మేం మావుసి అని పిలిచే పక్కింటి ఒడియా ఆవిడ అరిటాకులో చుట్టి రాత్రంతా నిప్పుల్లో కాల్చిన పొడొపిఠా మాకూ పంపేది. మాడిన అంచు, లోపల బెల్లం, కొబ్బరి. అలాంటి ఒక పండక్కి ఖల్లికోటలో లెక్కల మాస్టారుగా ఉన్న మా మావయ్య రైలు దిగి వచ్చి, మేం తిరగడం చూసి, నేల మీద మా పాదాల గుర్తులు చూపించాడు. లోపల అప్పది చిన్న చుట్టు, బయట నాది పెద్ద చుట్టు. ఆకాశంలోనూ ఇలాంటి జంటలున్నాయని, మన కంటికి ఒకే చుక్కలా కనిపిస్తాయని చెప్పాడు.

"ఒకదాని సుట్టూ ఒకటి తిరగవే. రెండిటికీ నడాన ఒక సోటుంటాది. అక్కడేటీ ఉండదు. ఆ ఏటీ లేని సోటు సుట్టూ రెండూ తిరుగుతాయి. బరువుది దగ్గిర దగ్గిరగా, తేలికది దూరం దూరంగా."

చుట్లు చూసి ఏది ఎంత బరువో చెప్పేయవచ్చట. తక్కెడ లేకుండా తూకమంటే కొట్టువాడి కూతురు నమ్ముతుందా? నమ్మలేదు గానీ, అందులో నాకు లాభం మాత్రం కనిపించింది. ఎక్కువ దూరం తిరిగేది నేను కనుక పిఠాలో పెద్ద ముక్క నాదేనని వాదించాను. అప్ప నవ్వి ఒప్పేసుకుంది. అప్పటినుంచి పిఠా వచ్చినప్పుడల్లా తిరిగాకే పంపకం.

మరుసటి ఏడు రజోకి పందెం వేసి తిరిగి, చుట్లు జానలతో కొలిచాను. అప్పది పెద్దదైంది. మళ్లీ తిరిగాం. మళ్లీ దాని చుట్టే పెద్దది. మధ్యలో ఎన్ని సాయంత్రాలు ఆడామో గానీ, ముక్క పందెం లేనప్పుడు నేల చూసే అలవాటు నాకు లేదు. ఇంట్లోవాళ్లూ గమనించలేదు. ఎదిగే పిల్ల సాగుతోందని అమ్మ అనుకుంది; ఊరికే మంచినీళ్లు తాగితే ఎండలనుకుంది. నేను తిన్నగా కొట్లోకి పోయి, అప్ప పెద్ద ముక్క కోసం దొంగాట ఆడుతోందని, తీర్పు చెప్పమని నాన్నను లాక్కొచ్చాను.

నాన్న పంచె ఎగ్గట్టి వంగి ఆ చుట్లు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ల నుండే ఇలగ దూరం తిరుగుతున్నావు?"

"నాను కావాలని ఎల్లలేదు నాన్నా," అంది అప్ప నన్ను చూపిస్తూ. "అదే నన్నిసిరేస్తంది."

నాన్న దాన్ని ఎత్తుకుని తీసుకెళ్లి బస్తాలు తూచే పెద్ద కాటా తట్టలో కూచోబెట్టాడు. ఏ బస్తానైనా చూపుతోనే తూచే మనిషి, కూతురి బరువు తనకు తెలుసుననుకుని అవతల రాళ్లు వేశాడు. అప్ప తట్ట కిందికి దిగలేదు. ఒక రాయి తీశాడు. ఇంకొకటి తీశాడు. హమాలీలు పని ఆపి చూస్తున్నారు. రాళ్లు తీస్తున్నకొద్దీ నాన్న మొహం చూడలేక అప్ప నా వంక చూసి నవ్వబోయింది.

చక్కెర జబ్బు పిల్లలకు కూడా వస్తుందని మా వీధిలో అప్పటికి ఎవరికీ తెలియదు. సూదిమందుతో కొన్నాళ్లు తేరుకుంది, బుగ్గలు వచ్చాయి, కొట్లోకి వచ్చి హమాలీలతో మళ్లీ కయ్యాలాడింది. చలికాలంలో జ్వరం తగిలింది. ఆ జ్వరం నుంచి లేవలేదు.

కర్మకాండలయ్యాక మావయ్య నన్ను ఒళ్లో కూచోబెట్టుకుని ఇంకో సంగతి చెప్పాడు. కొన్ని జంటల్లో ఒక చుక్క ఆరిపోతుందట. వెలుగు పోయినా బరువు పోదు కనుక రెండోది ఎప్పటిలాగే తిరుగుతూ ఉంటుందట, దాని నడక చూసే పక్కన కనబడనిది ఒకటుందని పోల్చుకుంటారట. ఓదార్పు కూడా బేరమాడకుండా పుచ్చుకోలేని దాన్ని.

"అది సుక్క కాబట్టి మావయ్యా," అన్నాను. "అప్పకి బరువే ముందు పోనాది."

మావయ్య మళ్లీ ఎప్పుడూ నాకు ఆకాశం సంగతి చెప్పలేదు.

ఇప్పుడా పెరట్లో సిమెంటు పోసి మోటారు సైకిళ్లు పెట్టుకుంటున్నారు. కొట్టు చేతులు మారింది. మావుసి కోడలు పిఠాను కుక్కర్లో చేస్తోంది, దానికి మాడిన అంచు ఉండదు. ఆడపిల్లలు చేతులు పట్టుకుని తిరగడం చూసి ఎన్నాళ్లయిందో. నేను బాగా ఒళ్లు చేశాను. అప్ప ఎన్నడూ చూడని వయసుకు వచ్చాను. ఏ పెళ్లిలోనో ఎవరైనా ప్రేమగా నా రెండు చేతులూ పట్టుకుని పలకరిస్తే మాత్రం, నాకు తెలియకుండానే ఒళ్లు కాస్త వెనక్కి వాలుతుంది. అవతలి బరువు కోసం ఒక్క క్షణం ఆగుతాను. వాళ్లు ఊరికే నిలబడి ఉంటారు.