అరవకుండా లగాం పట్టుకున్నాను

ఉద్యోగరీత్యా కాకినాడ నుంచి వచ్చి పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో ఉంటున్నాం. గుర్రాలంటే నాకు చిన్నప్పటి నుంచీ హడల్. మా పదేళ్ల పాప మాత్రం పట్టుబట్టి దగ్గర్లోని గుర్రపుశాలలో స్వారీ నేర్చుకుంటోంది.

ఒక ఆదివారం పాప గుర్రం మీద ఉంది, నేను ఓ పక్కన నిలబడి చూస్తున్నాను. పక్క సందులో పెళ్లి బరాత్ బ్యాండు ఒక్కసారిగా మోగింది. గుర్రం బెదిరి పక్కకు దూకి ఆగింది. పాప జారిపోయింది, కానీ ఒక కాలు జీనుకున్న ఇనుప రికాబులోనే ఇరుక్కుంది. తల నేలకు తగులుతూ, గుర్రం వెనక కాళ్ల పక్కనే వేలాడుతోంది. అది పరుగందుకుంటే ఇక అంతే.

స్వారీ నేర్పించే సలీం భాయ్ ఆవరణకు ఆవలి చివర ఉన్నారు. "అరవకుండ్రి మేడమ్, ఇంకా బెదురుతది. మీరే దగ్గరున్నరు. మెల్లగ పోయి లగాం పట్టుకోండ్రి," అన్నారు అక్కడి నుంచే, గొంతు పెంచకుండా.

కొంగు నోట్లో కుక్కుకుని నడిచాను. లగాం పట్టుకున్నాను. గుర్రం వేడి ఊపిరి నా మెడకు తగులుతోంది. కింద నుంచి పాప కళ్లు నన్నే చూస్తున్నాయి. సలీం భాయ్ వచ్చి కాలు విడిపించేదాకా నేను లగాం వదల్లేదు.

"అయిపోయింది, ఇగ ఫికర్ లేదు," అన్నారాయన. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

పాప ఇప్పటికీ స్వారీకి వెళుతోంది. నా భయమూ పోలేదు. అయితే ఆ రోజు ఆ గుర్రం నాకంటే ఎక్కువగా వణికిపోతూ కూడా కదలకుండా నిలబడింది. అది మాత్రం మరచిపోలేను.