మా వాగు వంతెన కోసం దోహాలో ఒక శుక్రవారం

జగిత్యాల దగ్గర మా ఊరి వాగు మీద వంతెన కోసం ఖతార్ దాకా వచ్చానంటే నవ్వుతారు. నవ్వండి, నవ్వదగ్గ పనే చేశాను. వంతెన మంజూరైంది, డబ్బూ వచ్చింది. కానీ వంతెన ఎక్కడానికి రోడ్డు వేయాలంటే వాగుకు ఈ ఒడ్డున రాజం వాళ్ళ పొలం, ఆ ఒడ్డున మల్లేశ్ వాళ్ళ పొలం కావాలి. రాజం ఇంటివాళ్ళు మా పార్టీ, మల్లేశ్ ఇంటివాళ్ళు ఎదుటి పార్టీ. ముందు వాళ్ళివ్వాలని వీళ్ళు, ముందు వీళ్ళివ్వాలని వాళ్ళు పట్టుబట్టడంతో ఏడాదిగా పని ఆగిపోయింది. వానలకు ముందు భూమి చేతికి రాకపోతే డబ్బు వేరే ఊరికి మళ్ళిస్తామని అధికారులు తేల్చి చెప్పారు. పోయిన వానకాలం మల్లేశ్ భార్యను కాన్పు కోసం జేసీబీ తొట్టిలో కూర్చోబెట్టి వాగు దాటించాం. మళ్ళీ అదే గతి పడుతుందేమోనని ఊరంతా భయం. రాజం, మల్లేశ్ ఇద్దరూ ఖతార్‌లోనే కట్టడం పనుల్లో ఉన్నారు. ఫోన్ చేస్తే రాజం ఒకటే అన్నాడు. "నువ్వు, గంగాధర్ మామ కలిసి వస్తెనే మాట్లాడుతం కాకా." మా పార్టీకి మండల నాయకుణ్ణి నేను. గంగాధర్ ఎదుటి పార్టీ మండల నాయకుడు, నాకు వరసకు బావ. అట్లా ఇద్దరం విమానం ఎక్కాం, పక్కపక్క సీట్లు కాకుండా చూసుకుని మరీ.

దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో మా మేనల్లుడి ఇంట్లో దిగాం. అక్కడికి మెట్రో లేదు, శుక్రవారం ఉదయం అతనే కారులో దగ్గరి స్టేషన్ దాకా దింపాడు. రోజంతా తిరగాలనుకుంటే ఆరు రియాళ్ళ టికెట్టు తీసుకోండి, ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు. రెడ్ లైన్‌లో చివరిదాకా వెళ్తే లుసైల్, కొత్తగా కట్టిన నగరం. చలికాలం ఎండ హాయిగా ఉంది. నున్నటి రోడ్లు, అద్దాల భవనాలు, సముద్రం ఒడ్డున నడక దారి. ఇంత ఊరు ఇంత తొందరగా ఎట్లా లేచిందని నేను నోరు తెరిచి చూస్తుంటే గంగాధర్, "ఈడ ప్రతిపక్షం లేదు గద బావా, లేస్తది" అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ భవనాలు ఎవరి చేతుల మీద లేచాయో ఇద్దరికీ తెలుసు. మా మండలంలో ఈ పనికి మనిషిని పంపని ఇల్లు తక్కువ. అయినా భవనాల ముందు నిలబడి విడివిడిగా ఫోటోలు దిగాం.

లుసైల్ నుంచి ఏషియన్ టౌన్‌కు టాక్సీలో ముప్పావుగంట పైనే పట్టింది, అరవై రియాళ్ళు దాటింది. డ్రైవర్ కడప వైపు మనిషి. కాసేపు అద్దంలో మమ్మల్ని చూసి, "ఏంది సామీ, ఒకే ఊరోళ్ళమంటిరి, ఒగరి మొగం ఒగరు సూడరే?" అన్నాడు.

"మేం మాట్లాడుకుంటే మావోళ్ళు ఊకోరు" అన్నాడు గంగాధర్.

"ఈడ ఎవురు సూచ్చాండారు సామీ?"

నేను ఫోన్‌లో పడిపోయాను. లుసైల్ ఫోటో పెట్టి, కింద ఇట్లా కొట్టాను: 'మా పార్టీ చొరవతో వంతెనకు మార్గం సుగమం. ఖతార్‌లో చర్చలు సఫలం.' ఇంకా రాజం మొహం కూడా చూడలేదు. మా పార్టీ గ్రూపులో పంపేశాను. పక్కకు చూస్తే గంగాధర్ కిటికీ వైపు తిరిగి బొటనవేలు ఆడిస్తున్నాడు. ఏం రాస్తున్నాడో నాకు తెలియదా!

ఏషియన్ టౌన్ శుక్రవారం మన తిరునాళ్ళలా ఉంటుంది. సెలవు రోజు కదా, క్యాంపుల నుంచి అందరూ అక్కడే. తెలుగువాళ్ళు నడిపే చిన్న హోటల్లో రాజం, మల్లేశ్ మా కోసం కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారట. ఒకరి డ్యూటీ ఆలస్యమైతే ఇంకొకరు వండి పెడతారట. ఈ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. బగారన్నం, కోడికూర వచ్చాయి. గొంతు సవరించుకుని నేను ఊరి బాగు గురించి మొదలుపెట్టాను.

"ఆగు కాకా" అన్నాడు రాజం. "మేం ఇద్దరం ఎప్పుడో అనుకున్నం, భూమి ఇద్దామని. మల్లేశ్ ఇచ్చేదాంక నువ్వు ఇయ్యకురా అని నాకు ఫోన్ చేసింది ఎవలు? నువ్వే గద. గంగాధర్ మామ వీనికి గట్లనే చెప్పిండు. అందుకే ఇద్దర్ని ఒక్కదగ్గర కూసోబెడదామనుకున్నం."

నేను నోరు తెరిచేలోపే ఊరి నుంచి మెసేజ్‌లు వచ్చి వాళ్ళ ఫోన్లు మోగాయి, ముందు రాజందీ, వెంటనే మల్లేశ్‌దీ. రాజం చదివాడు. "చర్చలు సఫలం… ఎవలతోటి కాకా?" అన్నాడు. మల్లేశ్ తన ఫోన్ గంగాధర్ ముందు పెట్టాడు. అదే లుసైల్, అదే మాట, పార్టీ మాత్రం వేరు. గంగాధర్ మెతుకులు కెలుకుతూ ఉండిపోయాడు. సిగ్గుతో నా ఒళ్ళు చచ్చిపోయింది. వడ్డించేవాడు వచ్చి "కూర ఇంకింత ఎయ్యాల్నా అన్నా?" అంటే వాడి వైపు కూడా తలెత్తలేకపోయాను.

మల్లేశ్ మెల్లగా అన్నాడు. "నా పెండ్లాం తొట్టిల కూసున్ననాడు నీది ఏ పార్టీ అని ఆ జేసీబీ ఆయన అడగలే మామా."

"భూమి ఇస్తం" అన్నాడు రాజం. "ఈడ చేసే సంతకాలు చేసి ఇంటికి పంపుతం. మా అవ్వ, మల్లేశ్ పెండ్లాం కలిసి పోయి ఆఫీసుల ఇస్తరు. మీ చేతికి మాత్రం ఇయ్యం. మీరు ఆ దిక్కు రాకుండ్రి."

"గదేం మాట తమ్మీ, ఇంత దూరం వస్తిమి…" అన్నాడు గంగాధర్.

"వచ్చిండ్రు, బువ్వ తిన్నరు, సంతోషం. యల్లా, ఇగ లేస్తం, మాకు బట్టలు పిండుకునేది ఉంది." బిల్లు మమ్మల్ని కట్టనియ్యలేదు.

తిరుగు టాక్సీలో ఇద్దరం పోస్టులు తీసేశాం. ఏం లాభం? ఐన్ ఖాలిద్‌లో తలుపు తీస్తూనే మేనల్లుడి భార్య, "మామయ్యా, వంతెన మీరే తెచ్చారటగా! ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు" అంది. ఎల్లుండి మేం దిగేసరికి బస్టాండులో రెండు పార్టీలవాళ్ళూ దండలతో వస్తారట, డప్పులు కూడా మాట్లాడారట. గంగాధర్ సోఫాలో కూలబడి, "ఏం చేద్దామే బావా?" అన్నాడు. జరిగింది జరిగినట్టు చెబుదామన్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

లుసైల్‌ను చూసి మన దగ్గర పనులు ఇంత వేగంగా ఎందుకు కావని పొద్దున ఈర్ష్యపడ్డాను. ఆ ప్రశ్న ఇప్పుడు ఇంకెవరినీ అడగలేను. ఇన్నాళ్ళూ రెండు పార్టీలను కలపడమే కష్టమని ఊరికి చెబుతూ వచ్చాను, కలిసి ఉన్నవాళ్ళ మధ్య నిలబడి. మా ఊరివాళ్ళు కూడా ఈ బ్లాగు చదువుతారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. దయచేసి దండలు తేకండి. భూమి ఇచ్చింది రాజం, మల్లేశ్. ఆపింది మేము. ఇక వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. ఏషియన్ టౌన్‌కు శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక వెళ్ళండి, అప్పటికి దుకాణాలు తెరుస్తారు. మనవాళ్ళను కలిస్తే మాత్రం తొందరగా లేవండి. బట్టలు పిండుకోవడానికి, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి వాళ్ళకు వారంలో ఉన్నది ఆ ఒక్క పూటే.