ఆయనకి నేను తెలుసు కదా

అప్పలకొండమ్మ టీచర్ సబ్బవరం నుంచి రోజూ బస్సులో అనకాపల్లి వచ్చి, మా అమ్మాయి ఇందు చదివే ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్పేవారు. చెరుకు రైతుల ఇంటి పిల్ల. ఇంటర్ తర్వాత టీచర్ ట్రైనింగు, అంతే. 2008లో ఆవిడకి తట్టిన విషయం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన నాకు తట్టలేదు.

మా ఊళ్లో పిల్లకి ర్యాంకు వస్తే సెంటర్లో ఫ్లెక్సీ కడతారు. ఫొటో, పేరు, తండ్రి పేరు, పేట పేరు. దారినపోయేవాళ్లు మా ఆయన పేరెత్తి "మన నానాజీ కూతురే" అనుకుంటే మాకు కడుపు నిండిపోతుంది. ఆ ఏడాది కరస్పాండెంట్ రాజేంద్రప్రసాద్ గారు ఇంకో అడుగు ముందుకేశారు. ఇప్పటి ఫేస్‌బుక్‌లా అప్పట్లో ఉండే ఆర్కుట్‌లో స్కూలు పేరుతో ఖాతా తెరిచి, మూడో తరగతి పిల్లలు ముప్పై ఎనిమిది మంది ఫొటోలూ వివరాలూ అందులో పెట్టారు. అంతకుముందు ఇంటింటికీ ఒక కాగితం వచ్చింది. పిల్ల ముద్దుపేరు, నాన్న చేసే పని, ఇంటి గుర్తులు, ఇష్టమైన తిండి. ఇందు కాగితం నేనే నింపాను, 'చిట్టెమ్మ' అన్న ముద్దుపేరుతో సహా, చక్కటి అక్షరాలతో.

ఆ ఫొటోలు తీసెయ్యమని టీచర్ రెండుసార్లు అడిగారట. "నీకు ఉజ్జోగం కావాలా, అక్కర్లేదా?" అన్నారట ఆయన.

ఆవిడ ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం పిల్లల్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. తన ఊరివాడే అయిన ఆటో డ్రైవరు పైడిరాజుకి ముందే ఆ పేజీలోంచి నాలుగు ముక్కలు చెప్పి ఉంచారు. పిల్లలు అతన్ని ఎన్నడూ చూడలేదు.

"చిట్టెమ్మా!" అని పిలిచాడు పైడిరాజు. "మీ నాన్న నానాజీ గారు బెల్లం మార్కెట్టు నుంచి పంపించేరు. నీకని కాజాలు కూడా కొన్నారు. రా, ఎల్లిపోదాం."

ఇందు సంచీ తగిలించుకుని వెళ్లి ఆటోలో కూర్చుంది.

"దిగమ్మా," అన్నారు టీచర్. "ఈయన నీకు తెలుసేటి?"

"తెలీదు టీచర్."

"మరెందుకు ఎక్కీసేవు?"

"ఆయనకి నేను తెలుసు కదా!"

ఇందు మాటకి అందరికంటే గట్టిగా నవ్విన రాములు అనే పిల్లాడు కూడా, తన వంతు రాగానే వెళ్లి కూర్చున్నాడట. అప్పుడు చెప్పారు టీచర్: "మనల్ని ఎరిగినవాళ్లు వేరు, మనం ఎరిగినవాళ్లు వేరు. కంప్యూటర్లో ఎవరు పేరెట్టి పిలిచినా ముందు అమ్మకి సెప్పాలి."

ఇందు ఏడుస్తూ ఇంటికొచ్చింది. మర్నాడు ఫిర్యాదు రాసుకుని స్కూలు మీదికి వెళ్లాను. కరస్పాండెంట్ టేబుల్ మీద ఆ కాగితం విసిరి, "పిల్లల్ని హడలగొట్టడానికా ఈవిడకి జీతం?" అని అరిచాను. రాములు నాయనమ్మ చిన్నమ్మలు కూడా వచ్చింది.

"మా గుంటడు ఆటో ఎక్కనంటన్నాడు బాబూ! మరి బడికెలాగొత్తాడు?"

అక్కడే ఉన్న టీచర్ ఆఫీసు కంప్యూటర్ని నా వైపు తిప్పారు. ఇందు ఫొటో. పక్కన నేను నింపిన వివరాలన్నీ. కింద, మొహం ఉండాల్సినచోట గులాబీ పువ్వు పెట్టుకున్న మనిషెవరో అడిగాడు: "చిట్టెమ్మా, బడి ఎన్నింటికి వదుల్తారు?"

దానికి స్కూలు పేరుతోనే జవాబు: "నాలుగుంపావుకి. అడ్మిషన్లు జరుగుతున్నాయి, రండి."

కరస్పాండెంట్ వైపు తిరిగాను.

"ఎవరండీ ఇది అడిగింది?"

"ఎవరో పేరెంట్ అనుకున్నామమ్మా," అన్నారు కరస్పాండెంట్. "ఫ్లెక్సీ కట్టినప్పుడు మీరే కదా స్వీట్లు పంచేరు? అదే ఫొటో ఇక్కడెడితే నేరమైపోయిందేటి?"

"ఫ్లెక్సీ కింద నిలబడినోడి మొకం మనకి కనిపిత్తాది సార్," అన్నారు టీచర్. "ఇక్కడ పువ్వు కనిపిత్తంది."

ముప్పై ఎనిమిదీ తీసేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. ఆయనకి తీయడం రాదు. పెట్టించడం మాత్రం వచ్చు. మౌసు పట్టుకుని ఒక్కొక్కటే తీసింది టీచరే.

"ఈపాటికే ఎవరైనా దాచుకుని ఉంటే?" అన్నాను.

"అది మన సేతిలో లేదమ్మా," అన్నారావిడ.

నెలాఖరుకి టీచర్ని తీసేశారు. సిలబస్‌లో లేనిది చెప్పి పిల్లల్ని భయపెట్టారని కారణం. మళ్లీ స్కూలు మీదికి వెళ్లి, "ఎవరు చెప్పారు మీకు, పిల్లలు భయపడ్డారని?" అని నిలదీశాను.

రాజేంద్రప్రసాద్ గారు తాపీగా సొరుగు లాగి ఒక కాగితం నా ముందు పెట్టారు. ఆ రోజు టేబుల్ మీద విసిరి, వెనక్కి తీసుకోవడం మరిచిపోయిన నా ఫిర్యాదు. చక్కటి అక్షరాలు. కింద నా సంతకం.