ఊపిరి తీసుకునే చోటు

నా చిన్నప్పుడు, రంజాన్ ఆగస్టులో వచ్చిన ఒక ఏడాది, ఎమిరేట్స్‌లోని ఖోర్ ఫక్కాన్‌లో మేముండే బిల్డింగు దాదాపు ఖాళీ అయిపోయింది. బడికి సెలవులు కదా, అందరూ ఇండియా వెళ్ళిపోయారు. పోర్టులో పనిచేసే నాన్నకు లీవు దొరకలేదు, క్లినిక్‌లో నర్సుగా ఉన్న అమ్మకూ దొరకలేదు. మధ్యాహ్నం పూట వీధిలో పిట్ట కూడా కనబడేది కాదు. తాళాలు వేసిన తలుపుల మధ్య నడుస్తుంటే నా చెప్పుల చప్పుడే, వెనకాల ఇంకెవరో వస్తున్నట్టు వినిపించేది. అమ్మ నన్ను పక్కింటి మాస్టారి దగ్గర వదిలి డ్యూటీకి వెళ్ళేది. ఫ్రెండ్సంతా విమానాలెక్కి పోతే నేనొక్కదాన్నీ ముసలాయన ముందు కూర్చోవాలా అని నాకు ఒళ్ళు మండేది.

మాస్టారిది నరసాపురం. చర్చిలో ఆర్గాన్ వాయించి నేర్చుకున్న చెయ్యి. ఫుజైరా వైపు సముద్రపు ఒడ్డున ఒక హోటల్లో సాయంత్రాలు పియానో వాయించేవారు. పక్కన నిలబడి ఆయన భార్య పాడేది. ఆమెను నేను ఆంటీ అనేదాన్ని. వాళ్ళవి సినిమా పాటలు కావు. మా తాతలు కుర్రాళ్ళుగా ఉన్న రోజుల్లో అమెరికాలో పుట్టిన పాటలు. చందమామ, వాన, వెళ్ళిపోయిన మనిషి, అంతే సరుకు. ఆ కొద్దిపాటి సరుకుతోనే ఒక్కో పాటను ఎందరెందరో పాడారు, ఇంకా పాడుతూనే ఉన్నారు.

ఆంటీ ఆ ముందటి చలికాలంలో చనిపోయింది. హోటల్ వాళ్ళు ఫిలిప్పీన్స్ నుంచి కొత్త గాయనిని తెప్పించారు. రంజాన్ నెలంతా హోటల్లో పాటలుండవు. ఈద్ నాటికి ఆ అమ్మాయితో ప్రోగ్రాం సిద్ధం కాకపోతే ఇద్దరి వీసాలూ ఖలాస్ అని హోటల్ ముదీర్, అంటే మేనేజరు, చెప్పేశాడట. అమ్మానాన్నా గుసగుసలాడుకుంటుంటే విన్నాను.

నా విసుగు పోగొట్టడానికి మాస్టారు సీడీలు పెట్టేవారు. ఒకే పాటను నలుగురి గొంతుల్లో వినిపించేవారు. మొదట నాకు నాలుగూ ఒకటే. తర్వాత్తర్వాత తేడా తెలిసింది, నాలుగిళ్ళలో వండిన పప్పులా. ఒకాయన మాటల్ని తాళం వెనకాల తీరిగ్గా ఈడ్చుకుంటూ వస్తాడు. ఒకావిడ గొంతు అప్పుడే ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంటుంది. ఇంకొకాయన ఎంత దుఃఖమైనా నవ్వుతూ పాడతాడు, పక్కవాళ్ళకు తెలియకూడదన్నట్టు. ఎవరూ కేకలు పెట్టరు. మైకును దగ్గరికి తీసుకుని, ఒక్క మనిషికి మాత్రమే చెబుతున్నట్టు పాడతారు. ఆ ఒక్క మనిషీ నేనే అనిపించేది. ఒక పక్క గర్వం, ఒక పక్క భయం.

"పాట తర్వాత విందువుగానీ, ముందు ఊపిరి వినమ్మా. ఎక్కడ తీసుకుంటే అక్కడ వేలెత్తు," అనేవారు మాస్టారు. కళ్ళు మూసుకుని వింటే నిజంగానే వినబడేది, మాటకు ముందు సన్నగా ఒక పీల్పు. ఎవరి ఊపిరి చోటు వాళ్ళది. ఈ ఆటలో నేను ఆయన్నే ఓడించడం మొదలుపెట్టాక అడిగాను, వీళ్ళంతా ఇప్పుడెక్కడుంటారని. "ఒక్కరూ లేరమ్మా. ఎప్పుడో పోయారు," అన్నారాయన మామూలుగా. పోయినవాళ్ళు నా పక్కనే ఊపిరి తీసుకుంటుంటే ఇన్నాళ్ళూ నేను వేళ్ళెత్తి లెక్క చూపిస్తున్నానన్నమాట.

సీడీలు అయ్యాక ఆయన కీబోర్డు ముందు కూర్చునేవారు. రంజాన్ కదా, సౌండు బాగా తగ్గించి వాయించేవారు. పాట మొదలు వాయించి, గొంతు రావలసిన చోట చేతులు తేలిక చేసి, అక్కడ ఖాళీ వదిలేవారు. ఆంటీ పాడే వరస అంతా అలా ఖాళీగా నడిచేది. ఒక మధ్యాహ్నం నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. ఉన్నట్టుండి నా వేలు లేచింది. కళ్ళు తెరిచేసరికి మాస్టారు వాయించడం ఆపి నన్నే చూస్తున్నారు.

"నీకూ వినబడిందా?" అన్నారు.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఏసీ చప్పుడయ్యుంటుందని కొట్టిపారేసింది గానీ, ఉప్పుతో దిష్టి మాత్రం తీసింది. మర్నాడు వెళ్ళనని మొండికేశాను. తీరా పొద్దున్నే అందరికంటే ముందు చెప్పులేసుకున్నదీ నేనే. భయం ఒకవైపు, ఇంకోసారి వినాలన్న ఆశ ఒకవైపు.

ఆ తర్వాత కొత్త గాయని సాధనకు వచ్చింది. చక్కటి గొంతు, భయపడుతున్న కళ్ళు. పాట మొదలుపెట్టారు, మూడో మాటకే చెడింది. ఆమె ముందుకు వెళుతుంటే మాస్టారి చేతులు ఆంటీ ఆగే చోట ఆగి కూర్చున్నాయి. మళ్ళీ మొదలు, మళ్ళీ అక్కడే. ఆమె ప్రతిసారీ తప్పు తనదేనంటూ క్షమాపణ చెప్పింది. చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఊళ్ళో తన మీదే ఇల్లు నడుస్తోందని, తనను పంపెయ్యవద్దని హోటల్ వాళ్ళకు చెప్పమంది. మాస్టారు తల దించుకున్నారు. పంపేస్తే ఇద్దర్నీ పంపేస్తారని ఆమెకు తెలుసో లేదో.

నాకు జాలేసింది. సాయం చేద్దామనుకున్నాను. ఆంటీ ఊపిరి ఎక్కడో నాకు తెలుసు కదా. ఆ అమ్మాయికి కనబడేలా నిలబడి, సరిగ్గా ఆ చోట వేలెత్తాను. ఆమె నా వేలు చూసి ఊపిరి తీసుకుంది. పాట అతికింది. రెండోసారీ అతికింది. మూడోసారికి ఆ గొంతు మారిపోయింది. అది ఆంటీ గొంతు. మాట చివర ఆ చిన్న గరుకుతో సహా. మాస్టారి మొహంలో నేనెన్నడూ చూడని సంతోషం కనబడింది, దాన్ని చూసి నాకు ఆ గొంతుకంటే ఎక్కువ భయం వేసింది. ఆ అమ్మాయి చటుక్కున ఆగి, తన గొంతు తానే పట్టుకుంది. మొహం సున్నం కొట్టినట్టయింది. ఇప్పుడు పాడింది తను కాదని ఇంగ్లీషులో మెల్లగా అంది.

అప్పుడు మాస్టారు లేచి వచ్చి, ఇంకా పైకే ఉన్న నా వేలును తన చేత్తో మడిచారు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

"చాలమ్మా. బతికున్న పిల్ల చేత పోయినవాళ్ళ ఊపిరి తీయించకూడదు. ఆవిడ చోటు ఆవిడకుంది, అది ఎక్కడికీ పోదు. ఈ పిల్ల చోటు ఈ పిల్లకివ్వాలి."

ఆయన మళ్ళీ కూర్చున్నారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆ అమ్మాయి భుజాలనే చూస్తూ, అవి ఎక్కడ లేస్తే అక్కడ చెయ్యి వేశారు. పాట సాగింది, అది ఇంకెవరి పాటా కాదు, ఆమెదే. మధ్యలో ఆంటీ చోటు వచ్చింది. ప్రమాణం చేసి చెబుతాను, ఆ పీల్పు నాకు వినబడింది, మాస్టారికీ వినబడింది. ఆయన వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి గానీ ఆగలేదు. చెంపల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆయన ఆ అమ్మాయి వెంటే వెళ్ళారు. నాకు దుఃఖం ఆగలేదు. ఆంటీని గుమ్మంలోనే నిలబెట్టేశామనిపించింది. ఈద్ రాత్రి వాళ్ళిద్దరూ హోటల్లో ప్రోగ్రాం ఇచ్చారని, ఉద్యోగాలు నిలిచాయని తర్వాత తెలిసింది.

ఇప్పుడు మా నాన్న లేరు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. టీ తాగుతూ ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగుతుంది, నాన్న ఎప్పుడూ అడ్డం వచ్చి ఒక జోకు విసిరే చోట. మొదట్లో నేనే నాన్నలా ఏదో ఒకటి అని నవ్వించబోయేదాన్ని. ఒకసారి నా నోట్లోంచి అచ్చం ఆయన గొంతే వచ్చినట్టయి, అమ్మ కప్పు కింద పెట్టేసింది. అప్పట్నుంచీ ఆ ఖాళీని నేను ముట్టుకోను. మా పాప మాత్రం సరిగ్గా అప్పుడే తల తిప్పి, ఎవరూ లేని కుర్చీ వైపు చూసి నవ్వుతుంది. ఏం వినబడిందని నేను దాన్ని అడగను. అమ్మ మళ్ళీ మొదలుపెట్టి మాట పూర్తి చేసేదాకా ఆగి, ఆ తర్వాత నా మాట నేను చెబుతాను.