డంపర్ ముందట బాపు స్కూటర్

నేను చేసిన సత్తెనాశనం చెప్తె మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు. మా కాలనీల అయితే ఆ దసరా సంది ఇప్పటిదాంక నవ్వుతనే ఉన్నరు. అంగట్ల కూరగాయలు కొనపోయినా, "అక్కా, జర పైలం, ముందట టమాటలున్నయి" అంటరు. ఊరంత చూస్తుండంగ, మైకు పెట్టి మరీ చేసిన పని ఇది. దాచుకుందామన్నా దాగదు.

ముందు నా డంపర్ సంగతి వినుండ్రి. మా ఓపెన్‌కాస్టు బొగ్గు బాయిల మట్టి మోసే బండి అది. మామూలు లారీ దాని పక్కన నిలవడితె సంకల పిల్ల లెక్క కనవడ్తది. ఒక్కొక్క టైరు నాకంటె ఎక్కువ ఎత్తు. సీట్ల కూసోవాలంటె మేడ ఎక్కినట్టు మెట్లెక్కాలె. ఎక్కి కూసున్నంక బండి ముందటి నేల అస్సలు కనవడదు. మీ గదువ మీకు కనవడ్తదా? గంతే.

గా బండంటె నాకు చిన్నప్పటి సంది పానం. మా బాపు భూమి కింద బాయిల పనిచేసేటోడు. సెలవు నాడు నన్ను స్కూటర్ ముందట నిలవెట్టుకొని ఓపెన్‌కాస్టు కంచె కాడికి తోల్కపోయేటోడు. కింద డంపర్లు వరుసవెట్టి పోతుంటె నోరు తెరుచుకొని చూసేదాన్ని.

"బాపూ, నాకు గా బండి కావాలె."

"పెద్దగైనంక నడుపు బిడ్డా."

"ఆడోళ్లకిస్తరా?"

"ఎందుకియ్యరు? ఇయ్యకపోతె నేను కొట్లాడుత తియ్యి!"

కొట్లాడే పని లేకుండనే ఆడోళ్లకు డంపర్ నేర్పిస్తమని కంపెనీ పిలిచింది. కాని గప్పటికి బాపు లేడు. సర్వీసుల ఉండంగనే గుండె ఆగి పోయిండు. ఆయన నౌకరి నాకు వచ్చింది, ఆయన స్కూటర్ నాకే వచ్చింది. గా స్కూటర్‌ను పక్కకు వంచాలె, కిక్కు కొట్టాలె, తిట్టాలె, మళ్ల బతిలాడాలె. గప్పుడు గాని లేవదు. "గా డొక్కును అమ్మేయరాదే" అని అవ్వ, అంటె మా అమ్మ, రోజు లొల్లి. నేను అమ్ముతనా? దాని మీద కూసుంటె నా ఎన్క బాపు కూసున్నట్టే ఉండేది. గీ ముచ్చట ఎవ్వలకు చెప్పలే, మీకే చెప్తున్న.

దసరాకు మా బాయిల మిషన్లకు పూజ చేస్తరు. డంపర్లను కడిగి, బంతిపూల దండలేసి, యార్డుల వరుసగ నిలవెడ్తరు. టైర్ల కింద నిమ్మకాయలు పెడ్తరు. హారతైనంక ఆపరేటర్ బండిని జర ముందటికి తీసి వాటిని తొక్కియ్యాలె. ఆ నాడు ఇంటోళ్లను సుత లోపటికి రానిస్తరు. నేనింక ట్రైనింగుల ఉన్న. నాకు నేర్పేటాయన ఓదెలన్న. పూజకు ముందు షిఫ్టు సారు నన్ను పిలిచిండు.

"నిమ్మకాయల మీదికి బండి నువ్వే తియ్యమ్మా. బాగా తీస్తే రేపట్నుంచి ఆ డంపర్ నీదే. ఓదెలు పక్కన కూర్చోడు."

ఇగ నా కాళ్లు భూమ్మీద ఆగుతయా! బాపు ఉంటె ఎంత సంబురపడునో అనుకున్న. గా సంబురంల నాకొక తెలివి పుట్టింది. బాపు ఏటేట దసరాకు క్వార్టర్ ముందట స్కూటర్ కడిగి బొట్టు పెట్టేటోడు. ఇప్పుడు నా డంపర్ ముందట పెడితె ఆయన బండికి, నా బండికి ఒక్కటే హారతి, ఒక్కటే కొబ్బరికాయ. చూసిండ్రా నా పొదుపు?

స్కూటర్లను లోపటికి రానియ్యరు. గందుకని దాని నిండ గుమ్మడికాయలు, అరటి కొమ్మలు ఎక్కిచ్చి నూక్కుంట పోయిన.

"ఏందక్కా గిది?" అన్నడు గేటు కాడ సెక్యూరిటీ పిలగాడు.

"పూజ సామాను తమ్మీ."

పెద్ద టైరు ముందట నిలవెట్టిన. అటొక అరటి కొమ్మ, ఇటొక అరటి కొమ్మ కట్టిన. బంతిపూలు చుట్టిన, చుట్టూ గుమ్మడికాయలు పేర్చిన. ఎంత ముద్దుగ తయారు చేసిన్నంటె స్కూటర్ అనేది అందుల ఉన్నదని పూజారికి సుత తెల్వలే. పూజారి దాక ఎందుకు, హారతి అయ్యేసరికి నాకే యాది లేదు! సారు మైకుల నా పేరు పిలిచిండు. గంతే, దిమాక్‌ల డంపర్ తప్ప ఏం మిగల్లే.

ఓదెలన్న బండి చుట్టు తిరిగి చూసి అడిగిండు, "పిల్లా, గీ అరటి కొమ్మలు, గుమ్మడికాయలు పక్కకు తీపియ్యాల్నా?"

"వద్దన్నా, తొక్కిద్దాం. గుమ్మడికాయ పగిలితె మస్తుంటది!"

గా మాట అన్నది నేనే. ఎవ్వల్ని అనేటందుకు లేదు.

ఎక్కిన. హారన్ కొట్టిన. బ్రేకు వదిలిన. బండి మెల్లగ కదిలింది. నా చేతుల కింద గంత పెద్ద పానం కదిలేసరికి నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కింద కర్‌ర్‌మన్నది. అబ్బ, నిమ్మకాయలు గింత గట్టిగ ఉన్నయేంది అనుకున్న. ఓదెలన్న ఈలలు వేస్తుండు. జనం చేతులూపుతున్నరు. నేను సుత నవ్వుకుంట చెయ్యి ఊపిన. అవ్వ రెండు చేతులు నెత్తికి పెట్టుకున్నది. బిడ్డకు దిష్టి తగులుతదని మెటికలు విరుస్తుంది పాపం అనుకున్న. గా ఉషారుల ఇంక జర ముందటికి తీసిన.

ఓదెలన్న మెట్లెక్కి వచ్చి తలుపు గుద్దిండు. "ఆపు తల్లీ, నీకు దండం పెడ్త!"

"ఏమైందన్నా? నిమ్మకాయలు మంచిగ నలిగినయా?"

"నిమ్మకాయలు నలిగినయి. స్కూటర్ ఎవలది?"

"ఏ స్కూటర్?"

అన్న. అన్నంక యాదికొచ్చింది.

దిగి చూస్తె బాపు స్కూటర్ జొన్నరొట్టె లెక్క నేలకు అతుక్కున్నది. బంతిపూలు ఇంక దాని మీదనే ఉన్నయి. మట్టిల కూలవడి ఏడ్చిన.

"ఈ బండి ఇక్కడ ఎవరు పెట్టారమ్మా?" అన్నడు సారు.

"నేనే సార్."

"తొక్కించింది?"

"నేనే సార్."

"మరి కంప్లైంట్ ఎవరి మీద రాసుకోవాలి?"

"నా మీద నేనే ఇస్త సార్."

అవ్వ జనాన్ని నూక్కుంట వచ్చింది. ఇగ నా ఈపు పగిలినట్టే అనుకున్న. అవ్వ నా పక్కన కూసొని స్కూటర్ మీది బంతిపూలు పక్కకు తీసింది.

"పెండ్లైన కొత్తల నేర్పియ్యుమని అడిగిన్నే. నీకిస్తె గోడకు గుద్దుతవు అన్నడు మీ బాపు. ఒక్కనాడన్న హ్యాండిల్ పట్టనియ్యలే. చూడు, ఎంత పైలంగ దాచిపెట్టి పోయిండో, బిడ్డకు!"

అని కొంగు అడ్డం పెట్టుకొని ఫక్కున నవ్వింది. నవ్వుకుంట నవ్వుకుంటనే ఏడ్చింది. బాపు పోయినంక మేమిద్దరం కలిసి ఏడ్చింది గా నాడే.

తెల్లారి డంపర్ రాలే. ఎండలు ముదిరేదాంక మళ్ల ట్రైనింగే. ఆఖరికి ఇచ్చిండ్రు. ఇప్పుడు నా బండి నాకున్నది. ఇంటికి పోవుటానికి కొత్త స్కూటీ సుత ఉన్నది. బటన్ నొక్కితె లేస్తది. వంచే పని లేదు, తిట్టే పని లేదు, బతిలాడే పని లేదు. దాని మీద నేనొక్కదాన్నే పోతున్నట్టుంటది. బాపు మస్తు యాదికొస్తడు.

డంపర్ నా చేతికిచ్చిన నాడే ఒట్టు పెట్టుకున్న: ఇగ బతికున్నన్ని దినాలు ఎవ్వల బండికి వాళ్ల కొబ్బరికాయే, చుట్టు తిరిగి చూడంది డంపర్ ఎక్కుడు లేదు. ఒట్టు తప్పలే. షిఫ్టు ఎక్కే ముందు రోజు చుట్టు తిరుగుత, ముందటి టైరు కాడ వంగి మరీ చూస్త. ఓదెలన్న కొత్తగ వచ్చినోళ్లకు నన్ను చూపిచ్చి, "పైలం అంటె గిట్లుండాలె" అని మెచ్చుకుంటడు. నేను సుత పెద్దమనిషి లెక్క తల ఊపుత. కాని వంగినప్పుడల్ల నేను చూసేది బాపు స్కూటర్ ఆడ ఉన్నదేమో అని. ఉండదు. ఇగ లేచి బండెక్కుత.